పాత ల్యాప్‌టాప్‌లో లినక్సు స్థాపన

పాత ల్యాప్‌టాప్‌లను లినక్సు వంటి స్వేచ్ఛా నిర్వహణ వ్యవస్థతో తిరిగి వాడుకలోనికి తేవచ్చును. హైదరాబాదుకు చెందిన స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారముగా తెలుగు మెనూలు గల పంపిణీని అదే పేరుతో రూపొందించినది.

'''స్థాపన''': ముందుగా దస్త్రాలను వేరొకచోట భద్రపరచుకొనవలెను, డిస్కు మొత్తమును ఎంచుకొన్నచో పాతవన్నీ చెరిగిపోవును. పిమ్మట ప్రాసెసరు ఎన్ని బిట్లదో చూడవలెను. 32 బిట్ల యంత్రాలకు స్థాపక ప్రతులు డెబియన్ 12 (2023)తోనే ఆగిపోయినవి. డెబియన్ 13 (2025)కు అవి లేవు. ర్యామ్ తక్కువైనచో ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికైన డెస్క్‌టాప్ అనుకూలము.

'''సమస్యలు''': యు.ఎస్.బి. నుండి ప్రారంభము కానిచో బయాస్‌లో బూట్ వరుసను మార్చవలెను. వై-ఫై పనిచేయకపోవుటకు తరచు ఫర్మ్‌వేర్ లోపమే కారణము. డెబియన్ 12 నుండి అది స్థాపక ప్రతిలోనే లభించుచున్నది. తెలుగుకు బదులు గడులు కనిపించినచో పోతన, లోహిత్ వంటి యూనికోడ్ ఖతిని చేర్చవలెను.