అల కంటే ముందు కబురు

నేను ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాణ్ణి. బి.ఎన్.ఆర్. రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. నాన్నగారు రైల్వేలో, నేను వాయుసేనలో చేశాం.

2004 డిసెంబరు 26, ఆదివారం. సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను. టీవీలో కార్ నికోబార్ పేరు వినగానే గుండె ఆగినంత పనయింది. నాతో ఒకే బ్యారక్‌లో ఉన్న మిత్రుడు అప్పుడు అక్కడే పోస్టింగ్‌లో ఉన్నాడు. మళ్ళీ కనిపించలేదు. ఆ స్థావరంలో సిబ్బంది, వారి కుటుంబాలు కలిపి వందమందికి పైగా పోయారు.

ఉదయం 6.29కి సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూమి కంపించింది. నికోబార్‌కు అల కొద్దిసేపట్లోనే వచ్చేసింది. విశాఖ, చెన్నై తీరాలకు మాత్రం రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రెండు గంటల్లో కబురు అందలేదు.

అల రాకను ముందే లెక్క కట్టవచ్చా? కట్టవచ్చు. దాని వేగం నీటి లోతును బట్టి ఉంటుంది. 4,000 మీటర్ల లోతులో గంటకు సుమారు 700 కిలోమీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని చెప్పుకున్న మా 1,072 మీటర్ల ప్లాట్‌ఫారాన్ని ఐదారు సెకన్లలో దాటేస్తుందన్నమాట! ఒడ్డు దగ్గర లోతు తగ్గేసరికి, ముందు బోగీకి బ్రేకు పడితే వెనక బోగీలు మీదికెక్కినట్టు నీరు పైకి లేస్తుంది. కంప్యూటరులో సముద్రాన్ని గళ్ళుగా విడగొట్టి, ప్రతి గడికీ లోతు ఇచ్చి, నీరు ఒక గడి నుంచి పక్క గడికి ఎలా సాగుతుందో లెక్కిస్తారు.

1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గరే భూకంపం వచ్చింది. బంగాళాఖాతం చుట్టూ ఎనిమిది టైడ్ గేజ్‌లు ఆ అలను గీసి ఉంచాయి. ఎత్తు 0.8 మీటరు మించలేదు. ఓర్టిజ్, బిల్హమ్ అనే శాస్త్రవేత్తలు 2003లో ఆ పాత గీతలను కంప్యూటరు లెక్కలతో పోల్చి చూశారు. మరుసటి ఏడే విపత్తు. అంటే లెక్క తెలుసు, దాన్ని తీరానికి చేర్చే ఏర్పాటే లేదు.

2007 అక్టోబరులో మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. భూకంపం వచ్చాక లెక్కకు కూర్చుంటే ఆలస్యమని, ఎన్నో సందర్భాలకు ముందే లెక్కలు కట్టి ఉంచారు. 2012 ఏప్రిల్ 11న 8.6 తీవ్రతతో సుమత్రా మళ్ళీ కదిలినప్పుడు పది నిమిషాల లోపే కబురు వెళ్ళింది. ఆనాడు భూమి పక్కకు జరిగింది గనుక అల చిన్నదే.

అయితే సోదరులారా, దీవుల్లో పనిచేసేవారికి కంప్యూటరు కన్నా ముందు కాళ్ళకింద నేలే చెబుతుంది. నిలబడలేనంతగా, చాలాసేపు ఊగితే సైరన్ కోసం చూడకండి. పెళ్ళాం పిల్లల్ని తీసుకుని ఎత్తుకు పరుగెత్తండి. నా మిత్రుడికి ఈ మాట చెప్పేవారు లేకపోయారు. మీకు నేను చెబుతున్నాను.