బూటు గుర్తు చిరునామాగా: లండన్ పాదరక్షల దుకాణాల చిత్రఫలకాలు – పఠన చరిత్ర

అక్షరాస్యత అనే మాటలోనే అక్షరం ఉంది. అందువల్ల పఠన చరిత్రలో అక్షరం చదివినవారినే పాఠకులుగా లెక్కించడం పరిపాటి అయింది. 17, 18 శతాబ్దాల లండన్‌లో పాదరక్షల దుకాణాల ముందు వేలాడిన చిత్రఫలకాలు ఈ దృష్టిని పునఃపరిశీలించవలసిన అవసరాన్ని సూచిస్తున్నాయి.

ఆనాటి లండన్ ఇళ్లకు సంఖ్యలు లేవు. పౌరుల నివాసాలను సులభంగా గుర్తించడానికి వీధిలో ఫలకాలు వేలాడదీయవచ్చునని మొదటి చార్లెస్ రాజు అధికారపత్రం అనుమతించింది. పాదరక్షలు తయారుచేసేవారు బూటును, బూటుకు ఆకృతినిచ్చే చెక్క అచ్చును, తమ వృత్తికి రక్షకులుగా భావించిన క్రిస్పిన్, క్రిస్పినియన్ అనే క్రైస్తవ పునీతులను గుర్తులుగా స్వీకరించారు. చెక్కపలకకు రెండు వైపులా రంగులతో చిత్రించి, గోడ నుంచి ముందుకు వచ్చిన ఇనుప కమ్మీకి వేలాడదీసేవారు. వీధిలో ఎటునుంచి వచ్చేవారికైనా అది కనిపించేది.

ఈ ఫలకాలు చదువురానివారి కోసమే ఏర్పడ్డాయన్న వివరణ అసమగ్రం. 1593లో వెలువడిన షేక్‌స్పియర్ కావ్యం ‘వీనస్ అండ్ అడోనిస్’ ముఖపత్రం, ఆ పుస్తకం సెయింట్ పాల్స్ చర్చి ఆవరణలో తెల్ల వేటకుక్క గుర్తు వద్ద లభిస్తుందని తెలిపింది. పుస్తకం చదవగలిగినవాడు సైతం బొమ్మను చదివే దుకాణానికి చేరాడు.

అయితే ఆ పఠనం సరళం కాదు. అద్దెదారు మారినా పాత గుర్తు ఇంటికే ఉండిపోయేది. 1711లో ‘స్పెక్టేటర్’ పత్రికలో జోసెఫ్ ఆడిసన్ గుర్తుకూ వృత్తికీ పొంతన ఉండాలని వాదిస్తూ, బూటు గుర్తు కింద వంటవాడు ఉండడాన్ని ఆక్షేపించాడు. బూటు బొమ్మ ఉన్నచోట బూట్లు దొరుకుతాయో లేదో వీధి పరిచయం ఉన్నవారికే తెలుస్తుంది.

ఫలకాల బరువు ప్రమాదకరంగానూ పరిణమించింది. 1718లో బ్రైడ్ లేన్‌లో ఒక ఫలకం బరువుకు ఇంటి ముందుగోడ కూలి నలుగురు మరణించారు. వారిలో ఒకరు చెప్పులు బాగుచేసే వ్యక్తి. 1762 నుంచి వేలాడే ఫలకాల తొలగింపు మొదలైంది. కొన్నింటిని గోడలకు అతికించారు. క్రమంగా ఇంటి సంఖ్యలు చిరునామాలయ్యాయి.

నేడు అటువంటి ఫలకాలను ప్రాచీన కళావస్తువులుగా సేకరిస్తున్నారు. రంగు, చెక్క, వయస్సు వాటి విలువను నిర్ణయిస్తున్నాయి. కానీ వీధి నుంచి వేరుపడిన బూటు బొమ్మ సందర్భం కోల్పోయిన పదం వంటిది. దానిని చదివి దారి తెలుసుకున్న సామాన్యులకు కూడా పఠన చరిత్రలో స్థానం కల్పించినప్పుడే ఆ చరిత్ర సమగ్రమవుతుంది.