ఒకే జిల్లా.. కిందికి కృష్ణా, పైకి గోదావరి! తిరుమలగిరి రైతుకు కాల్వ నీళ్లే కీలకం

2016 అక్టోబర్ 11న ఉమ్మడి నల్గొండ నుంచి విడిపోయి సూర్యాపేట జిల్లా ఏర్పడింది. జిల్లా ఒక్కటే అయినా సాగునీటి లెక్క మాత్రం వేరు.

దక్షిణాన కోదాడ, హుజూర్‌నగర్‌కు సాగర్ ఎడమ కాల్వతో కృష్ణా నీళ్లొస్తాయి. అక్కడ వరి, రైస్ మిల్లులు ఎక్కువ. మేళ్లచెరువు వైపు సున్నపురాయి ఉండటంతో సిమెంట్ ఫ్యాక్టరీలు వచ్చాయి.

ఉత్తరాన తిరుమలగిరి, తుంగతుర్తి వైపు ఎస్సారెస్పీ రెండో దశ కాల్వలే పెద్ద ఆధారం. గోదావరి నీళ్లు ఎంతో దూరం పారి రావాలి. పైన వాడకం పెరిగితే చివరి ఆయకట్టుకు కొరతే. కాల్వ రాకుంటే బోర్లే దిక్కు. అవీ వట్టిపోతే పొలం ఎండుతుంది, మార్కెట్ యార్డుకు వడ్లూ తగ్గుతాయి.

కొత్త జిల్లాతో కలెక్టరేట్ దగ్గరైంది. చివరి మడికి నీళ్లు చేరడమే ఇక్కడ అసలు పరీక్ష.