పీటీఎస్‌డీ: నిర్ధారణకు కొలమానాలేమిటి?

సూరత్‌లోని సర్థాణాలో 2019 మే 24న తక్షశిల వాణిజ్య భవనంలో జరిగిన అగ్నిప్రమాదం 22 మందిని బలిగొంది. మృతుల్లో అత్యధికులు కోచింగ్ విద్యార్థులు. పై అంతస్తుల నుంచి పిల్లలు దూకిన దృశ్యాలను దేశమంతా ఫోన్లలో చూసింది. అయితే ఘోరాన్ని చూసిన ప్రతి ఒక్కరికీ పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ (పీటీఎస్‌డీ) ఉన్నట్లు వైద్యశాస్త్రం పరిగణించదు.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 ప్రకారం ఇటువంటి ప్రమాదంలో చిక్కుకున్నవారు, కళ్లారా చూసినవారు, బిడ్డ మృతి వార్త విన్న తల్లిదండ్రులు, వృత్తిరీత్యా భయానక దృశ్యాలను పదేపదే ఎదుర్కొనే సహాయక సిబ్బంది నిర్ధారణ పరిధిలోకి వస్తారు. వృత్తితో నిమిత్తం లేకుండా తెరపై మాత్రమే చూసినవారు రారు.

లక్షణాలు, వ్యవధి

సంఘటన పీడకలలుగా, జ్ఞాపకాలుగా వెంటాడడం. దానిని గుర్తుచేసే వాటికి దూరంగా ఉండడం. ఆలోచనలు, మనోభావాలు ప్రతికూలంగా మారడం. నిరంతర ఉలికిపాటు, నిద్రలేమి అనే నాలుగు లక్షణ సమూహాలను వైద్యులు పరిశీలిస్తారు. ఇవి నెలకు మించి కొనసాగి, పనికి, కుటుంబ జీవనానికి ఆటంకం కలిగించాలి. మూడు రోజుల నుంచి నెలలోపు ఉంటే అది తీవ్ర ఒత్తిడి రుగ్మత. కొందరిలో పూర్తి లక్షణాలు ఆరు నెలల తరువాత గానీ బయటపడవు.

మారిన వర్గీకరణ

1980లో డీఎస్ఎం-3 ద్వారా ఈ పేరు అధికారికంగా వైద్య గ్రంథాలకెక్కింది. అప్పుడు ఆందోళన రుగ్మతలలో ఒకటిగా ఉన్న దీనికి డీఎస్ఎం-5 ప్రత్యేక అధ్యాయం కేటాయించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఇందులో పీటీఎస్‌డీ సంకేతం 6బీ40. దీర్ఘకాల హింస వంటి అనుభవాల తరువాత ఆత్మన్యూనత, భావోద్వేగాలపై అదుపు కోల్పోవడం, సంబంధాలు నిలుపుకోలేకపోవడం కూడా తోడైతే అది సంక్లిష్ట పీటీఎస్‌డీ (6బీ41). ఎడతెగని వియోగ దుఃఖం వేరే రుగ్మత (6బీ42).

మాతృభాష ముఖ్యం

రక్తపరీక్షతోనో స్కానింగ్‌తోనో ఈ వ్యాధి తేలదు. రోగి చెప్పే మాటలే ప్రధాన ఆధారం. నవాగామ్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కార్మికుడు పరాయి భాషలో గుండెదడ, తలనొప్పి మాత్రమే చెప్పగలిగితే అసలు కారణం మరుగునపడే ప్రమాదముంది. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలీ-మానస్ ఉచిత సేవలు 14416 నంబరులో తెలుగులోనూ లభిస్తాయి. సరైన నిర్ధారణ జరిగితే ప్రత్యేక మానసిక చికిత్సలు, అవసరమైన చోట మందులు మేలు చేస్తాయి.