ఎన్‌వీడీఏ (తెర చదివే సాఫ్ట్‌వేర్)

ఎన్‌వీడీఏ అంటే చూపు లేనివారికీ, చూపు బాగా తక్కువగా ఉన్నవారికీ విండోస్ కంప్యూటర్ తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్. స్వయంగా చూపు లేని ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ మైకేల్ కరన్ 2006లో దీన్ని రాయడం మొదలుపెట్టారు. తర్వాత జేమ్స్ టే ఆయనతో కలిశారు. అప్పటికే వాడుకలో ఉన్న జాస్ వంటి తెర చదివే ప్రోగ్రాములు బాగా ఖరీదైనవి.

దీన్ని వాడేవారికి మౌస్‌తో పని లేదు. ఇన్సర్ట్ మీటతో పాటు కింది బాణం నొక్కితే పాఠమంతా వరసగా వినిపిస్తుంది. వెబ్ పేజీలో హెచ్ నొక్కితే తర్వాతి శీర్షికకు, కె నొక్కితే తర్వాతి లింకుకు చేరవచ్చు. అలవాటైనవారు పెట్టుకునే చదివే వేగం పక్కన కూర్చున్నవారికి ఒక్క ముక్కా అర్థం కానంత ఉంటుంది. బ్రెయిలీ పరికరం జతచేస్తే అదే పాఠం వేళ్ల కిందికి వస్తుంది.

దీనితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగూ చదువుతుంది. కాస్త యంత్రంలా పలుకుతుంది గానీ పని జరుగుతుంది. అసలు చిక్కు పాఠంతోనే. అను వంటి పాత ఫాంట్లలో కూర్చిన తెలుగు తెరపై ముచ్చటగా కనిపించినా, లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులే. కనుక చెవికి చేరేది అర్థంలేని గోల. స్కాన్ చేసిన పుస్తకమైతే ఒట్టి బొమ్మ కిందే లెక్క, ముందు దాన్ని ఓసీఆర్‌తో, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో, అక్షరాల్లోకి మార్చాలి. తెలుగు అక్షరాలను తెలుగు అక్షరాలుగానే దాచే యూనికోడ్‌లో ఉన్న పాఠానికి ఈ బెడద లేదు.