యూనిఫాం దాటని జాగిలం

1806లో కంటోన్మెంటుగా పుట్టిన సికింద్రాబాదులో గుర్రానికి దొరికిన సర్కారీ కొలువు కుక్కకు దొరకడానికి నూటయాభై ఏళ్లకు పైగా పట్టింది. సైన్యం 1959లో మీరట్‌లో, సరిహద్దు భద్రతా దళం 1970లో టెకన్‌పూర్‌లో జాగిలాల శిక్షణ మొదలుపెట్టాయి. ఆ ఒరవడే క్రమంగా రాష్ట్ర పోలీసులకూ రైల్వే రక్షక దళానికీ అబ్బింది. నేడు నగర శివారు మొయినాబాదులోని పోలీసు అకాడమీలో జాగిలమూ హ్యాండ్లరూ జంటగా నెలల తరబడి శిక్షణ పొందుతారు. పేలుడు పదార్థం, మత్తుమందు, నేరస్థుడి జాడ పసిగట్టడమే అక్కడ అర్హత. అంటే మనకు శునక శిక్షణ తెలియక కాదు, దాన్ని భద్రత కోసమే నేర్చుకున్నాం. దివ్యాంగుడి ఇంటివైపు ఆ విద్య మళ్లలేదు.

ఇతర దేశాల్లో ఈ మలుపు సైన్యం నుంచే వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో మార్గదర్శక శునకాల బడి వెలిసింది. 1929లో అమెరికాలో అలాంటిదే మొదలైంది. ఇప్పుడు అక్కడి చట్టం ధ్రువపత్రం అడగదు, వైకల్యానికి సంబంధించిన ఒక పని కుక్కకు నేర్పి ఉంటే చాలంటుంది. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది కానీ, సహాయ శునకానికి ఏమేం రావాలో, ఎవరు పరీక్షించాలో చెప్పలేదు. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ పేరుతో స్థాపించిన సంస్థ సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లోనే ఉంది. అవసరం తెలిసినవారూ విద్య తెలిసినవారూ ఒకే మహానగర పరిధిలో ఉండి కూడా కలవకపోవడమే నాకు వింతగా తోస్తుంది.

వీధికుక్కల గుంపులు, కాలిబాటల్లేని రోడ్లు ఉన్నచోట మార్గదర్శక శునకం ఎలా నడుస్తుందని అడిగేవారున్నారు. అంధుల విషయంలో ఆ అభ్యంతరం బలమైనదే, ఊరు మారందే ఆ పని కుదరదు. కానీ ఆటిజం ఉన్న పిల్లవాణ్ణి నిమ్మళపరచే కుక్క, జారిపడిన వస్తువు తెచ్చిచ్చే కుక్క ఇంట్లోనే పనిచేస్తాయి. ఇంట్లో మనుషులుండగా కుక్కెందుకన్న మాటా వినిపిస్తుంది. ఆ మనిషి చాలాసార్లు తల్లే, ఆమె చాకిరీని ఖర్చుగా ఎవరూ లెక్కెయ్యరు. ఇక డబ్బు సంగతి. విదేశీ బడుల్లో మార్గదర్శక పనికి నెగ్గని కుక్కలను వేరే కొలువులకు మళ్లిస్తారు. దూకుడు చాలదని పోలీసు పనికి పక్కనపెట్టిన లాబ్రడార్‌లో సౌమ్యత ఉంటే, ఇంటి పనికి పనికొస్తుందేమో పరీక్షించడానికి కొత్త బడి కట్టనక్కర్లేదు.