దంత కిరీటం: చారిత్రక పరిణామం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• దంత కిరీటం పరిణామంలోని ముఖ్య దశలను వివరించగలుగుతారు.
• తొడుగు కింది పంటి స్థితి ఎందుకు ముఖ్యమో చారిత్రక ఉదాహరణతో చెప్పగలుగుతారు.

4.1 పరిచయం

పుచ్చిన, విరిగిన లేదా బాగా అరిగిన పంటిని కొంత అరగదీసి, దానిపై పంటి ఆకారంలోనే అమర్చే తొడుగును దంత కిరీటం అంటారు. వాడుకలో మనం దీన్ని 'క్యాప్' అంటాం. ఈ తొడుగుల చరిత్ర చదివేటప్పుడు ఒక ప్రశ్నను గుర్తుంచుకోండి: పంటిని కప్పడంతో జబ్బు నయమవుతుందా?

4.2 తొలి ప్రయత్నాలు

క్రీస్తు పూర్వమే ఇటలీలోని ఎట్రుస్కన్లు సన్నని బంగారు పట్టీలతో పళ్లను కలిపి కట్టేవారు. ఇవి నేటి అర్థంలో కిరీటాలు కావు. 1728లో ఫ్రెంచి దంతవైద్యుడు పియర్ ఫోషార్ తన గ్రంథంలో, మిగిలిన పంటి వేరులో లోహపు కడ్డీని బిగించి దానికి కృత్రిమ దంతాన్ని అమర్చే పద్ధతిని వివరించాడు. 1746లో క్లాడ్ మూటన్ పంటిని పూర్తిగా కప్పే బంగారు తొడుగును వర్ణించాడు.

4.3 బంగారు తొడుగుల కాలం

19వ శతాబ్దం చివరి దశకాల్లో అమెరికాలో బంగారు తొడుగులు బాగా ప్రచారంలోకి వచ్చాయి. 1873లో బీర్స్ అనే దంతవైద్యుడు ఇలాంటి తొడుగుకు పేటెంటు పొందాడు. కిరీటాల పేటెంట్లను చేజిక్కించుకున్న ఒక కంపెనీ దంతవైద్యుల నుంచి రుసుము కోరడంతో, దాన్ని ఎదుర్కోవడానికి 1888లో షికాగోలో దంతవైద్యులు రక్షణ సంఘంగా ఏర్పడ్డారు.

1907లో విలియం టాగర్ట్ దంతవైద్యంలో మైనపు అచ్చు పోత పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాడు. పంచలోహ విగ్రహాల తయారీని గుర్తు చేసుకుంటే ఇది మీకు తేలికగా అర్థమవుతుంది. మైనపు నమూనా చుట్టూ అచ్చు కట్టి, మైనాన్ని కరిగించి తీసివేసి, ఆ ఖాళీలోకి లోహాన్ని పోస్తారు. దీనితో తొడుగు పంటికి సరిగ్గా అతుక్కునేలా తయారుచేయడం సాధ్యమైంది.

4.4 హంటర్ విమర్శ

తొడుగు ఎంత చక్కగా కుదిరినా, చీము పట్టిన వేరుపై దాన్ని బిగిస్తే ఏమవుతుంది? 1910లో బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ, శుభ్రం చేయని పళ్లపై బంగారం కప్పి జబ్బును లోపలే దాస్తున్నారని తీవ్రంగా విమర్శించాడు.

ఈ హెచ్చరికలో నిజం ఉంది. కానీ దాని నుంచి పుట్టిన ధోరణి మరో అతికి దారితీసింది. కీళ్లనొప్పుల వంటి అనేక రోగాలకు పళ్లే మూలమని నమ్మి, నిలబెట్టదగిన పళ్లను కూడా పెద్ద సంఖ్యలో పీకివేశారు. తరువాతి దశకాల్లో ఆ నమ్మకం సడలింది. ఎక్స్-రేతో వేరు స్థితిని చూడటం, రూట్ కెనాల్ చికిత్సతో లోపలి భాగాన్ని శుభ్రం చేయడం మెరుగుపడ్డాయి. అవసరమైన పంటికి ముందు ఈ చికిత్స చేసి, ఆ తరువాతే తొడుగు వేయడం స్థిరపడింది.

4.5 పింగాణీ నుంచి జిర్కోనియా వరకు

ముందు పళ్లపై బంగారు రంగు చాలామందికి నచ్చలేదు. 1880లలో డెట్రాయిట్ దంతవైద్యుడు చార్లెస్ ల్యాండ్ పలుచని ప్లాటినం రేకుపై పింగాణీని కాల్చి తొడుగు తయారుచేశాడు. అది పంటిలా కనిపించేది, కానీ నమిలే ఒత్తిడికి సులభంగా పగిలేది. 1962లో పేటెంటు పొందిన పద్ధతిలో పింగాణీని లోహానికి కలిపి కాల్చారు. రెండూ వేడికి దాదాపు ఒకే మేరకు వ్యాకోచించేలా చూడటమే ఇందులోని కీలకం; లేకపోతే చల్లారేటప్పుడు పింగాణీ పగులుతుంది. 1985లో జ్యూరిక్‌లో కంప్యూటర్ సాయంతో పింగాణీని చెక్కి, తొలిసారి రోగి పంటిలో అమర్చారు. ఆ తరువాత దృఢమైన జిర్కోనియా తొడుగులు వ్యాప్తిలోకి వచ్చాయి.

4.6 సారాంశం

తొడుగు పదార్థం బంగారం నుంచి జిర్కోనియాకు మారింది. మారనిది ఒకటే: కిరీటం పంటికి బలం ఇస్తుంది, లోపలి జబ్బును నయం చేయదు. క్యాప్ వేయించుకోవలసి వస్తే ఏ రకం, ఎంత ఖరీదు అని అడిగే ముందు వేరు ఎలా ఉందో అడగండి. తొడుగు అంచు చిగురును కలిసే చోట పన్ను మళ్లీ పుచ్చవచ్చు కాబట్టి, అక్కడ రోజూ శుభ్రం చేసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మైనపు అచ్చు పోత పద్ధతి వల్ల కలిగిన ప్రయోజనం ఏమిటి?
2. హంటర్ విమర్శలోని సత్యాన్ని, దాని నుంచి వచ్చిన అతిని వేరు చేసి రాయండి.
3. లోహం, పింగాణీ ఒకే మేరకు వ్యాకోచించడం ఎందుకు అవసరం?